నీళ్ల డ్రమ్ము కాడ మంచిమాట

తాపీ నది మేడలెక్కిన ఏడు నుంచి లెక్కబెడితే ఇది పంతొమ్మిదో ఏడు, అంటే పరుశురాం సూరతుకు వచ్చి గూడ అంతే, వాడు వచ్చింది ఆ నీళ్లు దిగిపోయినంకనే గద, సాంచెల, అంటే కరెంటు మగ్గాల, చక్రాల నిండ బురద పేరుకపోయి ఉంటే, బట్ట నేస్తనని వచ్చినోని చేతిల రాజనర్సు ఒక రేకుముక్క పెట్టి గీకు అన్నడు, బావా నన్ను నేసెటందుకు పిలిచినవా బాయి పూడిక తీసెటందుకు పిలిచినవా అని వాడు నవ్విండు, మీసాలకు గూడ బురద అంటి ఉండె, ఆ నవ్వు ఇప్పుడెందుకు యాదికి రావాలె, రైలు పోనే పోయింది, ఆఖరి డబ్బ గూడ మలుపు తిరిగి కనవడకుంట పోయింది, ఉధ్నా టేషన్ల సిమెంటు బెంచి సాయంత్రమైనా కాలుతనే ఉన్నది, కింద బండలు అంతకంటె కాలుతున్నయి, రాజనర్సు ఉత్త కాళ్లను ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నడు, దీపావళి దగ్గరికొచ్చినా ఈ ఊరికి చలి సోయి లేదు, పక్కన ఒక గుజరాతీ ముసలామె డబ్బ తెరిచి థేప్లా రొట్టె తింటున్నది, తింటవా భాయీ అని ఒకటి చాపింది, వద్దని తల ఊపిండు, పరుశురాం గూడ పొద్దున్నుంచి ఏం తినలేదు, లుంగి మీదనే ఎక్కిండు, నెత్తిల దారం నూగు అట్లనే ఉన్నది, జోల్వా కార్ఖానల తను మాస్టరు, వాడు తన చేతి కింద కారీగరు, ఊరి వరసల బామ్మర్ది, నవాగామ్‌ల పక్క రూము, ఇంట్ల కంచం కాడ తమ్ముని తీరు, ఇన్ని తీర్ల మనిషి ఒక్క రైలుల పోయిండు, పంపింది ఎవలు, తనే, మంచిమాట చెప్పి పంపిండు, గిట్ల ఎవలన్న పంపుతరా.

మంచిమాట చెప్పాలె అన్నది హిమశ్రీ మేడం, ఆమెను తప్పు పట్టెటందుకు లేదు, బంగారమసోంటి పిల్ల, ఈడి తెలుగోళ్ల డాక్టరు ఉమామహేశ్వరరావు గారి బిడ్డ, పుట్టింది పెరిగింది ఈడనే, గుజరాతీ హిందీ గడగడ మాట్లాడుతది, తెలుగు మాత్రం కొత్త చెప్పులేసుకొని నడిచినట్టు మెల్లగ మాట్లాడుతది, మాస్టర్లు మనుషులను ఎట్ల నడిపియ్యాలె, పని చేసేటోని మనసు పని మీద ఎట్ల నిలవాలె, ఇది నేర్పుడు ఆమె పని, అసోంటి పని ఒకటి ఉంటదని రాజనర్సుకు మొన్నటిదాక తెల్వదు, చిన్న సేఠ్ పిలిపిచ్చిండు, పోరగాండ్లు నిలుస్తలేరు కాకా, పండుగకు పోయినోడు మల్ల వస్తలేడు, మీ పాత పద్ధతితోని ఇగ నడవది, పోయి జర నేర్చుకోండ్రి అని హోటలు హాలుకు తోలిచ్చిండు, ఏసీ గాలి, కుర్చీలకు తెల్లబట్ట తొడిగి వెనుక ముడి, కూసునే ముందు రాజనర్సు ఆ బట్టను రెండు వేళ్ల నడుమ పట్టి చూసిండు, చేయి ఊకోదు గద, పక్కన ఉన్ అనే పేట నుంచి వచ్చిన బ్రహ్మచారి అనే మాస్టరు, మీసం మీదికెల్లి చేయి దిగని మనిషి, ఏం మామా ముసలితనంల బడికి తోలిండ్రు, పలక తెచ్చుకున్నవా అని గుసగుస, మేడం ఒక్కొక్కల కాడికొచ్చి అడిగింది, పనిలో మీకు తృప్తి ఎప్పుడు కలుగుతుంది అని, బట్ట తాను మచ్చ లేకుంట దిగితే అన్నడు ఒకడు, పగారు పైసలు చేతిల పడ్డ దినం అన్నడు బ్రహ్మచారి, హాలంత నవ్విండ్రు, మేడం గూడ నవ్వింది, రాజనర్సు వంతు వచ్చింది, లేచి నిలవడ్డడు, తృప్తి, తృప్తి అంటే, నోట్ల ఏదో ఉన్నది గని బయటికి రాలేదు, మల్ల కూసున్నడు, ఆమె ఇజ్జత్ తియ్యలేదు, పరవాలేదు కాకా అని దగ్గరికొచ్చి ఇంకోటి అడిగింది, మీ దగ్గర అందరికంటే మంచి పనివాడు ఎవరు, పరుశురాం, ఆ సంగతి అతనికి తెలుసా, తెల్వకేంది, మీరు చెప్పారా, చెప్పుడెందుకు బిడ్డా, ఇన్నేండ్లల్ల వాన్ని ఒక్కపారి తిట్టలేదు, గది చాలదా, అప్పుడు ఆమె నవ్వలేదు, కాకా తిట్టకపోవడం వేరు, మెచ్చుకోవడం వేరు, తిట్టకపోతే మనిషికి భయం పోతుందేమో, ఆకలి పోదు అన్నది, ఆకలి అన్న మాట రాజనర్సుకు గుచ్చుకున్నది, నిజమే గదా అనిపిచ్చింది, ఎవలు చెప్పిండ్రు తనకు మాత్రం, పెద్ద సేఠ్ చెప్పిండా, తనకు ముందు మాస్టరు చెప్పిండా, తండ్రి మూడో తరగతిల బడి మాన్పిచ్చి గుంట మగ్గంల దింపినప్పుడు శెభాష్ అన్నడా, ఎవలూ అనలేదు, ఇంత వయసుకు గూడ ఆ ఆకలి అట్లనే ఉన్నది, తనకే ఉన్నదంటె పర్శిగానికి ఉండదా, ఎట్ల చెప్పాలె బిడ్డా అని అడిగిండు, తోటి మాస్టర్లు వింటుంటే అడిగిండు, ఆమె మొకం వెలిగింది, చప్పుడు లేని చోటికి తీసుకెళ్లండి కాకా, అందరి ముందు వద్దు, కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి, పూర్తి పేరుతో పిలవండి, కళ్లలోకి చూడండి, అతనిలో మీకు నచ్చింది నిదానంగా చెప్పండి, తొందర పడకండి, ముందు మీ ఇద్దరూ చేసి చూపించండి అని బ్రహ్మచారిని తన దిక్కు తిప్పింది, ఏం చెప్తడు, నీ మీసం మంచిగుంటది అన్నడు, బ్రహ్మచారి సిగ్గుపడి మీసం వదిలేసిండు, హాలంత చప్పట్లు.

ఆ చప్పట్లల్ల తనకు తట్టలేదు, ఎందుకు తట్టలేదు, కండ్ల ముంగట ఉన్న సంగతి తట్టకపోతే ఎట్ల, ఆమె చెప్పిన ఒక్కొక్క మాట తను ఇన్నేండ్ల సంది చేస్తున్నదే గద, చప్పుడు లేని చోటు, నీళ్లు, పూర్తి పేరు, కండ్లల్ల చూసుడు, కార్ఖానల సాంచెలు నడుస్తుంటె పక్కన పిడుగు పడ్డా వినరాదు, అందరు చేతి సైగలతోని, పెదవుల కదుపుతోని మాట్లాడుకుంటరు, ఫోన్లు తెచ్చినా మోగింది తెల్వది, అందుకే డబ్బల పెట్టి వస్తరు, పనికి చేరంగనే ప్రతోడు ఇంటికాడ మాస్టరు నంబరు ఇస్తడు, ఏమన్నైతె ఈ నంబరుకు చెప్పుండ్రి అని, ఎవలు చేస్తరు ఆ నంబరుకు, బిడ్డ పాసైందని చేస్తరా, బర్రె ఈనిందని చేస్తరా, అవి రూముకు పోయినంక సల్లగ చెప్పుకుంటరు, ఆ నంబరుకు వచ్చేది ఒక్కటే రకం కబురు, అంగి జేబుల ఫోను వణికిందంటె రాజనర్సుకు ముందుగాల గుండె ఆగుతది, బయటికి పోయి వింటడు, విని లోపటికొస్తడు, వరసల నడుమ నడిచి పోయి ఆ మనిషి భుజం మీద చేయి పెడ్తడు, వాని సాంచెలు తనే బంద్ చేస్తడు, గేటు కాడ నీళ్ల డ్రమ్ము పక్కన బాబిన్ల పెట్టె మీద కూసోబెడ్తడు, గిలాసల నీళ్లు ముంచి ఇస్తడు, పూర్తి పేరు పెట్టి పిలుస్తడు, నువ్వు హిమ్మతున్నోనివి అంటడు, రెండు మంచిమాటలు అంటడు, ఏం కాలేదు, జర తబియత్ బాగలేదట, ఊరికి పోయి రా అంటడు, సచ్చిపోయిండ్రని మాత్రం చెప్పడు, తనకు ముందున్న మాస్టరు గూడ చెప్పకపోయేది, దినంనర రైలు ప్రయాణం, చెప్తె మనిషి దారిల ఏమైతడో, జరంత ఆశ మిగిలితె దాన్ని పట్టుకొని ఇల్లు చేరుతడు, మొదటి వరస కారీగరు పరమేశ్ వాళ్ల అవ్వ పోయిననాడు గిట్లనే, ఎవలికన్న గిట్లనే, ఇది దయ గాదా, దయనే అనుకున్నడు.

నిన్న రూముకు పోయి భూదేవి ముంగట ఒకపారి అనుకొని చూసిండు, ఏందది గోడతోని మాట్లాడుతున్నవు అన్నది, రేపు పర్శిగానికి మంచిమాట చెప్పాలె, మేడం చెప్పమన్నది, భూదేవి గంటె పట్టుకొని వచ్చి ముంగట కూసున్నది, పెండ్లైనప్పటి సంది నా చేతి కూర తింటున్నవు, మంచిగున్నదని ఒక్కనాడన్న అన్నవా, ముందు నా మీద నేర్చుకో, చెప్పు, ఊఁ చెప్పు, రాజనర్సు నోరు తెరిచిండు, మూసిండు, ఉప్పు సరిపోయింది అన్నడు, భూదేవి పొట్ట పట్టుకొని నవ్వింది, పక్క రూములకెల్లి పరుశురాం తలకాయ పెట్టి ఏందక్కా గంత నవ్వు అన్నడు, ఏం లేదు తమ్మీ, మీ బావకు మాటలొస్తున్నయి అన్నది, ఈ వయసుల పంటివి రావాలె గని మాటలొస్తున్నయా అని వాడు గూడ నవ్విండు, నవ్వి ఒక మాట అడిగిండు, బావా సింధూజకు దినాలు దగ్గరికొచ్చినయి, వచ్చే వారం పోయి రానా అని, వాని బిడ్డ సిరిసిల్ల దవాఖానల చూపిచ్చుకుంటున్నది, తొలుచూలు, డాక్టర్లు బీపీ ఉన్నదన్నరు, దీపావళి బట్టల మాల్ పోనియ్యిరా, నువ్వు పోయి ఏం చేస్తవు, పోరన్ని కింద పడకుంట పట్టుకుంటవా అని తను నవ్వులాటకు అన్నడు, వాడు సరే బావా అన్నడు, ఆ సరే అన్నప్పుడు వాని మొకం చూసిండా, చూడలేదు, రేపు ఏం చెప్పాలె అని మంచిమాటలు కూర్చుకుంటున్నడు.

ఈ పొద్దు చాయ్ తాగినంక పోయిండు, భుజం మీద చేయి పెట్టిండు, పరుశురాం తిరిగి చూసిండు, వాని చేతులు దారం మీద అట్లనే నిలిచిపోయినయి, తను సాంచెలు బంద్ చేసిండు, వాని రెక్క పట్టుకొని నడిపిచ్చుకొచ్చిండు, ఎంత సల్లగ వచ్చిండు వాడు, తప్పు మాట్లాడుతనేమో అని తన భయం తనది, పిల్లగాడు పాఠం అప్పజెప్పెటందుకు పోయినట్టు, పెట్టె మీద కూసోబెట్టిండు, నీళ్లు ముంచి ఇచ్చిండు, పరుశురాం అని పిలిచిండు, ఎన్నడు పిలిచిండు గట్ల, పర్శిగా అనే పిలుపే, కండ్లల్ల చూసిండు, నువ్వు మంచి మనిషివిరా, నువ్వున్నవనే ఇన్నేండ్లు నేను నిమ్మలంగ ఉన్న, ఈ మాట నీకు ఎన్నడు చెప్పలేదు అన్నడు, అనంగనే తన కండ్లల్ల నీళ్లొచ్చినయి, సంతోషానికి వచ్చినయి, చెప్పగలిగిన అని వచ్చినయి, పరుశురాం చేతిల గిలాస జారిపోయింది, ఎవలు బావా అన్నడు, ఎవలు లేదురా, సింధూజనా, కాదురా, ఏం కాలేదు, కడుపుల పిల్ల పోయిందా తల్లి పోయిందా, ఒక్కలన్న మిగిలిండ్రా, అందరు బాగున్నరురా నీ మీద ఒట్టు, బాగున్నరు, బాగున్నరు, పరమేశ్‌తోని గూడ గిట్లనే బాగున్నరన్నవు అని వాడు లేచిండు, గేటు దాటిండు, ఉత్త కాళ్లతోని, రాజనర్సు నిలవడి చూస్తనే ఉన్నడు, ఎందుకు ఉరుకలేదు, చాయ్ బండి కాడ ఆగుతడనుకున్నడు, ఊళ్లె ఉన్న విజయరాణికి ఫోను చేసిండు, పరుశురాం పెండ్లాం, ఎత్తలేదు, మల్ల చేసిండు, ఎత్తలేదు, ఎత్తకపోయెసరికి తనకే భయం పుట్టింది, నిజంగనే ఏమన్నైందా, తన నోట్ల ఏమన్న కీడున్నదా అని, ఆఖరికి ఎత్తింది, బట్టలు ఆరేస్తున్న అన్నా అన్నది, పిల్లనా, పిల్ల తల దువ్వుకుంటున్నది, ఏమైందే.

ఆటో పట్టుకొని ఉధ్నా వచ్చెసరికి వాడు ప్లాట్‌ఫారం బండల మీద పట్టాల దిక్కు మొకం పెట్టి కూసున్నడు, చేతిల టికెటు నలిగిపోయింది, రాజనర్సుకు తన మాట మీద ఇగ తనకే నమ్మకం లేదు, ఫోను కలిపి వాని చెవికి పెట్టిండు, నాయినా అని సింధూజ గొంతు బయటికి వినవడ్డది, ఏమైంది నాయినా, మామ గంత పరేషానైతున్నడేంది, నేను మంచిగనే ఉన్న, నువ్వు తిన్నవా, తిన్న బిడ్డా అన్నడు పరుశురాం, తిన్న, తిన్న అని ఇంకో రెండుసార్లు అన్నడు, ఫోను ఇచ్చేసిండు, నవ్వుతడనుకున్నడు, తిడ్తడనుకున్నడు, తిట్టినా మంచిగుండేది, మొకం రెండు చేతులల్ల పెట్టుకొని కూసున్నడు, రాజనర్సు భుజం మీద చేయి వెయ్యబోయి, వెయ్యబోయి ఆపుకున్నడు, లేరా పోదాం, సాంచెలు ఆగి ఉన్నయి అన్నడు, ఏం మాట అది, ఆ టయానికి నోట్ల ఆ మాటనే ఎందుకుండె, పరుశురాం తల ఎత్తిండు, బావా నీ మీద కోపం లేదు, కోపముంటె నీ గల్లా పట్టకపోదునా, ఆటోల వస్తుంటె నా బిడ్డ పోయిందనే అనుకున్న, కండ్లు మూసుకొని దాని మొకం యాది చేసుకుందామనుకున్న, రాలేదు బావా, రెండు జడలేసుకొని బడికి పోయే మొకం వచ్చింది, పెండ్లైన మొకం రాలేదు, పెండ్లికి పోయి మూడో దినం వాపస్ రాలేదా, సరిగ చూడనే లేదు, బిడ్డ సచ్చిపోతె ఏడ్చెటందుకు మొకం గూడ లేదు నాకు, పోత, సింధూజ బతికే ఉన్నదిగదరా, బతికే ఉన్నది, అందుకే పోత, చూడని మొకం చూసుకుంట, మరి మల్ల ఎప్పుడొస్తవు, నా సాంచెలు ఎవలకన్న ఇయ్యి బావా అన్నడు వాడు, రైలొస్తున్నదని మైకుల చెప్పిండ్రు, వాడు లేచి లుంగి దులుపుకొని, బావా ఒకటి చెప్పాల్నా అన్నడు, నువ్వు వరసల నడుమ నడుస్తుంటవు చూడు, అందరు తల వంచి పని మీద పడ్తరు, ఎందుకో ఎరికేనా, నా కాడ ఆగొద్దు, నా కాడ ఆగొద్దు అని మొక్కుకుంటరు, నేను గూడ మొక్కుకునేటోన్ని, ఇంట్ల నీ పక్కన అన్నం తింట, కార్ఖానల నిన్ను చూస్తె మొక్కుకుంట, ఈ పొద్దు నా కాడ ఆగినవు, రాజనర్సు తన చెప్పులు విడిచి వాని కాళ్ల ముంగట పెట్టిండు, అదొక్కటే చేసిండు, వాడు తొడుక్కొని ఎక్కిండు, జనం నడుమ వాని నెత్తి ఒకపారి కనవడ్డది, మల్ల కనవడలేదు.

జేబుల ఫోను వణికింది, గుండె ఆగింది, చూస్తె హిమశ్రీ మేడం, కాకా ఈరోజు చెప్తానన్నారు కదా, చెప్పారా, చెప్పిన బిడ్డా, చాలా సంతోషం కాకా, అతను ఏమన్నాడు, ఊరికి పోయిండు, అయ్యో సెలవు మీదా, ఆ, సెలవు మీదనే, వచ్చాక ఎలా ఉంటాడో గమనించండి కాకా, మనిషిలో తేడా కనబడుతుంది, సరే బిడ్డా, ఫోను పెట్టేసిండు, చిన్న పిల్ల, ఆమెకేం చెప్తడు, ఆమె చెప్పింది తప్పు గాదు, దాంట్ల ఒక్క మాట గూడ తప్పు లేదు, ముసలామె థేప్లా డబ్బ మూసి ఎటో పోయింది, బెంచి మీద తనొక్కడే, తృప్తి ఎప్పుడంటె ఏం చెప్పలేకపోయిండు ఆనాడు, ఇప్పుడు నోటికొస్తున్నది, కార్ఖానకెల్లి వచ్చేటప్పుడు ఆటోల ఇద్దరు పక్కపక్కన కూసొని నవాగామ్ దాక ఏం మాట్లాడకుంట వచ్చేది, గదే బిడ్డా, గదే, ఇగ అది లేదు, తల వంచుడు ఇజ్జత్ అనుకున్నడు, మాస్టరు వస్తున్నడంటె పని మీద పడ్తున్నరని లోపల్లోపట మురిసిండు, దయ చేస్తున్న అనుకున్నడు, దయనే గద అది, దాంట్ల తప్పెక్కడున్నది, చావు కబురును మంచిమాటల మూటగట్టి ఇచ్చిండు, ఇచ్చి ఇచ్చి మంచిమాటకు ఆ వాసన పట్టిచ్చిండు, మరి నీళ్లకేం పాపం, పేరుకేం పాపం, భుజం మీద చేయికేం పాపం, అసలు మూలం అది గూడ గాదు, ఇంకేదో ఉన్నది, కాలుతున్న బండ మీద కాళ్లు ఆనిచ్చిండు ఈపారి, తియ్యలేదు, ఇన్నేండ్లల్ల చావు వచ్చిననాడు తప్ప ఒక మనిషి కాడ తను ఆగనే లేదు, ఊరికెనే ఆగలేదు, ఏం పని లేక ఆగలేదు, ఒక్కనాడు ఆగలేదు, గదే, ఆగిండంటె ఏమిటికో వాళ్లకు తెలుసు, ఇంకో దానికి ఆగుతడని ఎట్ల తెలుస్తది, తను ఎన్నడన్న ఆగితె గద.

తెల్లారి రాజనర్సు పొద్దుగల్లనే కార్ఖానకు పోయిండు, సాంచెలన్ని నడుస్తున్నయి, మొదటి వరసల మొదటిది పరమేశ్‌ది, పోయి వాని పక్కన ఆగిండు, భుజం మీద చేయి పెట్టిండు, పరమేశ్ వీపు కట్టె అయింది, తిరిగి మొకంల మొకం పెట్టి చూసిండు, ఎవలు అని వేళ్లు తిప్పిండు, రాజనర్సు రెండు అరచేతులు తెరిచి చూపిచ్చిండు, ఎవలు లేరు, ఏం లేదు, ఊరికెనే, బట్ట జానెడు దిగే దాక అట్లనే నిలవడ్డడు, పక్క సాంచె కాడికి పోయిండు, ఆగిండు, చేయి పెట్టిండు, అరచేతులు తెరిచిండు, దాని పక్కదానికి పోయిండు, ఒకడు తెల్లవడ్డడు, ముసలాయనకు మతి పోయిందని ఒకడు ఇంకొకనికి సైగ చేసి నవ్విండు, చిన్న సేఠ్ అద్దాల గదిలకెల్లి ఏం చేస్తున్నవు కాకా అని చేయి ఊపిండు, పరుశురాం సాంచెలు ఆగి ఉన్నయి, వాటి ముంగట గూడ అందరి కాడ ఆగినంత సేపే ఆగిండు, ఆఖరి వరస ఆఖరి మనిషి దాక పోయిండు, పోయి మల్ల మొదటి వరసకొచ్చి పరమేశ్ పక్కన ఆగిండు, ఈపారి పరమేశ్ తిరిగి చూడలేదు, దారం ముడేస్తనే జరంత పక్కకు జరిగిండు, ఆయన నిలవడెటందుకు.